చలికాలంలో పోనీకి బొచ్చు క్లిప్ చేయడం: హైదరాబాద్‌లో ఎంత తీయాలి, ఎలా తీయాలి

దీపావళి వెళ్ళి పది పదిహేను రోజులయ్యేసరికి మా పోనీ బాదం ఒంటిమీద చెయ్యి వేస్తే తేడా తెలుస్తుంది. ఎండాకాలంలో చేతికి జారిపోయే ఒళ్ళు ఇప్పుడు ఒత్తుగా, మెత్తగా తగులుతుంది. దవడ కింద, పొట్ట కింద వెంట్రుకలు సాగుతాయి. బాదం అంటే మొయినాబాద్ వైపు మేం పెంచుకుంటున్న పోనీ, అంటే పొట్టి రకం గుర్రం. ఎత్తు 12 హ్యాండ్స్, అంటే దాదాపు 122 సెంటీమీటర్లు. పిల్లలు బడి నుంచి వచ్చాక దానిమీదే స్వారీ నేర్చుకుంటారు. చలికాలంలో చిక్కు అక్కడే వస్తుంది. అరగంట పరుగెత్తితే మెడ కింద, ఛాతీ మీద చెమట కారుతుంది. ఆరు గంటలకే చీకటి పడుతుంది. తడిసిన ఒత్తు బొచ్చు ఆరడానికి ఒక్కోసారి రెండు మూడు గంటలు పడుతుంది. ఈలోగా చలి దిగిపోతుంది.

ఆ తడి నుంచి కాపాడటానికే క్లిప్ చేస్తాం, అంటే మెషీన్‌తో బొచ్చు కత్తిరిస్తాం. అందం కోసం కాదు. ఈ పని ఇంటి దగ్గరే ఎలా చేసుకోవాలో చెప్పేముందు ఒక మాట: మన ఊరి చలికి పోనీ ఒళ్ళంతా గొరగాల్సిన అవసరం దాదాపుగా రాదు. చెమట పట్టే చోట తీసి, మిగతాది దానికే వదిలేయాలి. మొదటి ఏడాది నేను అలా చేయలేదు. చలిదేశాల వీడియోలు చూసి మొత్తం తీసేశాను. నాలుగో రోజు బంగాళాఖాతంలో వాయుగుండం పడి ముసురు పట్టింది, చలిగాలి మొదలైంది. ఆ రాత్రి బాదం తోక కాళ్ళ మధ్యకి ముడుచుకుని, వీపు వంచి వణుకుతూ నిలబడింది. మెడ మీద చెయ్యి వేస్తే ఆ వణుకు నా చేతిలోకి వచ్చింది. దాని దుప్పటి తీసేసింది నేనే కదా అనిపించి చాలా బాధపడ్డాను. మీ పోనీకి అలాంటి రాత్రి రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు వారం రోజులు చెమట చూడండి

క్లిప్పర్ కొనకముందే చేయాల్సిన పని ఇది. గుర్రానికి చలిబొచ్చు రావడానికి అసలు కారణం చలి కాదు, పగటి వెలుతురు తగ్గడం. జూన్ 21 తర్వాత పగలు కురచ అవుతున్న కొద్దీ కళ్ళ ద్వారా ఆ కబురు మెదడుకి అందుతుంది, రాత్రిపూట మెలటోనిన్ ఎక్కువసేపు విడుదలవుతుంది, దాన్నిబట్టి ఒళ్ళు కొత్త బొచ్చు మొదలుపెడుతుంది. లండన్‌లో పగలు జూన్‌లో పదహారున్నర గంటలు, డిసెంబరులో ఎనిమిది గంటలకి దగ్గర. హైదరాబాద్‌లో అదే తేడా 13 గంటల చిల్లర నుంచి 11 గంటల చిల్లర వరకే. అందుకే అక్కడి పోనీల మీద వచ్చినంత బొచ్చు మన దగ్గర రాదు. జాతి కూడా చూడాలి. మార్వాడీ, కాఠియావాడీ గుర్రాలు ఎండ ప్రాంతాలవి, వాటి వెంట్రుక సన్నం. స్పితి, జంస్కారీ లాంటి కొండ పోనీలకి ఒత్తుగా వస్తుంది. మన దగ్గర దొరికే పోనీలు చాలావరకు కలిసిన జాతులే కాబట్టి, పక్కవాళ్ళ గుర్రాన్ని చూసి మీ గుర్రానికి క్లిప్ చేయొద్దు.

బాదంని చూసుకునే మా సాయీసు భాయ్ మలక్‌పేటలో రేసు గుర్రాల దగ్గర పని నేర్చుకున్నాడు. నాకు ఈ సంగతి చెప్పింది ఆయనే: "అమ్మా, జీను తీయగానే గుడ్డతో తుడవకండి. ముందు చెయ్యి పెట్టి చూడండి, ఎక్కడ తడి ఉందో చెయ్యే చెప్తది." అలాగే చేయండి. వారం రోజులు, రోజూ స్వారీ అవగానే గొంతు కింద, ఛాతీ, ముందుకాళ్ళ మధ్య, జీను పట్టీ బిగించే చోటు, డొక్కలు, తొడల మధ్య చేత్తో చూడండి. ఎక్కడ తడి ఉందో, పావుగంట నడిపించాక ఎంత మిగిలిందో, గంటకి ఆరిందో లేదో రాసుకోండి. గుర్రం చెమటలో లాథెరిన్ అనే ప్రోటీన్ ఉంటుంది, సబ్బులా నురగ తెచ్చి చెమటని వెంట్రుకల మీద పరుస్తుంది. తొడల మధ్య తెల్లగా కనిపించే నురగ అదే. ఒరుసుకునే చోట నురగ తేలడం మామూలే. గంట దాటినా వెంట్రుకల మొదళ్ళలో తడి ఉండిపోతోందంటేనే క్లిప్ గురించి ఆలోచించాలి.

గంటలోపు ఆరిపోతుంటే క్లిప్ వద్దు. వారానికి ఒకరోజు పిల్లల్ని ఎక్కించుకుని మెల్లగా నడిచే పోనీకీ వద్దు. పక్కటెముకలు కనిపించేంత చిక్కిన గుర్రానికి, చిన్న గుర్రప్పిల్లకి, జబ్బుపడి లేచినదానికి అసలే వద్దు. ముసలి పోనీకి ఎండాకాలంలో కూడా బొచ్చు రాలకుండా పొడుగ్గా, వంకీలు తిరిగి ఉండిపోతే అది చలిబొచ్చు కాదు, కుషింగ్స్ అనే హార్మోను జబ్బు గుర్తు కావచ్చు. అలాంటి పోనీలకి గిట్టల వాపు వచ్చే ప్రమాదం ఎక్కువ. ముందు పశువైద్యుడికి చూపించండి. ఆ జబ్బున్న పోనీకి క్లిప్ చేస్తే హాయిగానే ఉంటుంది, కానీ వైద్యం మొదలయ్యాకే.

పెళ్ళి బరాత్‌కి పోనీలని, గుర్రాలని తిప్పేవాళ్ళు ఇది చదువుతుంటే, మీకు నేను ఇంకా గట్టిగా చెప్తాను. మీ గుర్రాలకి ఇది చాలా అవసరం. కార్తీకం, మార్గశిరం ముహూర్తాలంటే చలిలో రాత్రిపూట పని. మందపాటి వెల్వెట్ ఝూల్ కప్పి, బ్యాండు మధ్య, లైట్ల వేడిలో రెండు గంటలు నిలబెడతారు. ఒళ్ళంతా తడుస్తుంది. తర్వాత అర్ధరాత్రి అదే తడి ఒంటితో పాతబస్తీ దాకా నడక. ఛాతీ, మెడ కింద, పొట్ట పక్కన బొచ్చు తీసి, ఇంటికి నడిపించేటప్పుడు పొడి దుప్పటి కప్పితే ఆ జీవం ఎంత సుఖపడుతుందో.

ఎంత మేర తీయాలి

క్లిప్‌లలో రకాలున్నాయి. అన్నిటికంటే తక్కువ తీసేది బిబ్ క్లిప్: గొంతు కింద నుంచి మెడ ముందుభాగం, ఛాతీ, ముందుకాళ్ళ మధ్య, జీను పట్టీ వరకు. చిన్నపిల్లకి మెడలో కట్టే బిబ్ ఎక్కడుంటుందో అక్కడే. హైదరాబాద్‌లో మామూలు స్వారీ పోనీకి ఇది చాలు. బాదంకి ఇప్పుడు నేను చేసేది ఇదే, పొట్ట కింద ఒక జానెడు వెడల్పు పట్టీ కలుపుతాను.

వారంలో ఐదారు రోజులు గట్టిగా పనిచేసే పోనీకి ట్రేస్ క్లిప్. జట్కా బండికి గుర్రాన్ని కడితే ఛాతీ నుంచి పక్కల వెంబడి వెనక్కి వెళ్ళే పట్టీలని ఇంగ్లీషులో ట్రేస్ అంటారు. ఆ పట్టీ గీత కింద ఉన్న బొచ్చంతా తీసి, పైది ఉంచుతారు, పేరు అలా వచ్చింది. వీపు, నడుం, మెడ పైభాగం కప్పుకుని ఉంటాయి. బ్లాంకెట్ క్లిప్, హంటర్ క్లిప్, ఫుల్ క్లిప్ ఇంకా ఎక్కువ తీసేవి. పోటీల కోసం రోజూ శిక్షణలో ఉండి, రాత్రంతా దుప్పట్లు మార్చే మనిషి ఉన్న గుర్రాలకి అవి సరే. ఇంట్లో పెంచుకునే పోనీకి నేను వద్దనే చెప్తాను.

కాళ్ళ మీద వెంట్రుకలు ఏ రకంలోనైనా ఉంచేయండి. మన శివార్లలో సర్కారు తుమ్మ ముళ్ళు, దోమలు, ఈగలు ఎలా ఉంటాయో తెలుసు కదా. చెవుల లోపలి వెంట్రుకలు పురుగుల్ని ఆపుతాయి. మూతి చుట్టూ, కళ్ళ చుట్టూ ఉండే పొడుగు మీసాలని మాత్రం ఎట్టిపరిస్థితిలోనూ ముట్టుకోవద్దు. దాని మూతి కింద ఏముందో దానికి కనపడదు, ఆ మీసాలతోనే తడిమి తెలుసుకుంటుంది. అవి తీసిన గుర్రాలని అంతర్జాతీయ అశ్వక్రీడల సమాఖ్య 2021 జులై నుంచి పోటీల్లోకి రానివ్వడం లేదు.

ఎప్పుడు

నవంబరు రెండో వారం నుంచి డిసెంబరు మొదటి వారం లోపు మంచి సమయం. అప్పటికి బొచ్చు పూర్తిగా వచ్చి ఉంటుంది. మరీ ముందు చేస్తే మళ్ళీ పెరుగుతుంది. సంక్రాంతి దాటాక చేయొద్దు, అప్పటికే పగలు పెరగడం మొదలై ఒళ్ళు ఎండాకాలపు వెంట్రుకని తయారు చేస్తుంటుంది, దాని కొనలు తెగిపోతాయి. మన దగ్గర సీజనుకి ఒకసారి చేస్తే సరిపోతుంది. దీపావళి వారంలో మొదలుపెట్టకండి. టపాసుల మోతకి అది అప్పటికే టెన్షన్‌లో ఉంటుంది, మళ్ళీ చెవి పక్కన ఇంకో మోత దానికి ఎందుకు.

సామాను

మనుషుల జుట్టు కత్తిరించే మెషీన్ పనికిరాదు. పావుగంటకే వేడెక్కుతుంది, ఒత్తు బొచ్చులో ఇరుక్కుంటుంది, పీకుతుంది. ఒక్కసారి పీకిందంటే పోనీ ఆ శబ్దాన్ని ఏళ్ళ తరబడి మర్చిపోదు. గుర్రాలకని తయారైన క్లిప్పర్ కొనండి, లేదా తెలిసిన రైడింగ్ స్కూల్‌లో అడిగి తెచ్చుకోండి. బిబ్ క్లిప్ వరకే అయితే పెద్ద కుక్కలకి వాడే మంచి రకం క్లిప్పర్‌తో కూడా అవుతుంది. బ్యాటరీది అయితే వైరు గొడవ, కరెంటు పోయే గొడవ ఉండవు. వైరుదే అయితే కరెంటు లీకైన క్షణంలో ఆగిపోయే ఈఎల్‌సీబీ ఉన్న ప్లగ్‌లోనే పెట్టండి. వైరు గుర్రం కాళ్ళ దగ్గర కాకుండా మీ భుజం మీదుగా వెనక్కి వెళ్ళాలి.

బ్లేడ్లు రెండు ముక్కలు: కింద దువ్వెనలా ఆగి ఉండేది, పైన కదులుతూ కోసేది. రెండూ జతగానే వాడాలి. మరీ సన్నగా కోసే బ్లేడ్ వద్దు, దాదాపు 3 మిల్లీమీటర్లు వదిలే మధ్యరకం తీసుకోండి. గీతలు పడవు, చర్మం తెగే భయం తక్కువ, కొంచెం వెచ్చదనమూ మిగులుతుంది. మొండి బ్లేడ్లని వీధిలో కత్తులకి సాన పట్టేవాళ్ళకి ఇవ్వకండి. ఈ రెండు ముక్కలూ ఒకదానిమీద ఒకటి సమంగా ఆనాలి. కత్తికి పట్టినట్టు అంచు మాత్రమే సాన పడితే ఇక కోయవు. వేరే గుర్రం మీద వాడిన బ్లేడ్ అయితే క్రిములని చంపే మందు కలిపిన నీళ్ళతో శుభ్రం చేసి, ఆరాకే వాడండి. తామర ఒక గుర్రం నుంచి ఇంకోదానికి బ్లేడ్ల మీదే ఎక్కేస్తుంది.

ఇవి కాక క్లిప్పర్ ఆయిల్, చిన్న బ్రష్, సుద్దముక్క, ఒక దారం, మెత్తటి నూలు దుప్పటి, రాత్రికి గొంగడి. మీకు జారని బూట్లు, నున్నటి జాకెట్. స్వెట్టర్ వేసుకుంటే వెంట్రుకలు అందులో గుచ్చుకుని వారం దాకా దురద.

శబ్దం అలవాటు చేయడం

చాలామంది ఈ దశ దాటేస్తారు. నా లెక్కలో మొత్తం పనిలో సగం ఇదే. కనీసం వారం కేటాయించండి.

మొదటి రెండు రోజులు అది గడ్డి తింటుండగా పది అడుగుల దూరంలో క్లిప్పర్ ఆన్ చేసి, మీ పని మీరు చూసుకోండి. చెవులు ఇటు తిప్పి, మళ్ళీ గడ్డిలో తల పెట్టిందంటే సరే. తర్వాత రోజు దగ్గరికి రండి. ఆపేసిన క్లిప్పర్‌ని భుజం మీద పెట్టి రుద్దండి. ఆ తర్వాత మీ అరచెయ్యి భుజం మీద ఉంచి, ఆన్ చేసిన క్లిప్పర్ వెనుక భాగాన్ని ఆ చేతి మీద ఆనించండి. అదురు మీ చేతిలోంచి దానికి వెళ్తుంది. నిలబడితే వెంటనే ఆపండి, మెడ నిమరండి. అది మెదలకుండా ఉన్నప్పుడే శబ్దం ఆగాలి. బెదిరి గెంతినప్పుడు ఆపితే, గెంతితే ఆగుతుందని నేర్చుకుంటుంది.

ఊపిరి బిగబట్టడం, కంటి తెలుపు కనిపించడం, తోక అదిమిపెట్టడం భయానికి గుర్తులు. అప్పుడు ఒక మెట్టు వెనక్కి వెళ్ళండి. పై పెదవికి తాడు మెలేసి కదలకుండా నిలబెట్టే పద్ధతి ఒకటుంది. నేను చేయను, మీరూ చేయొద్దని అడుగుతున్నాను. మరీ భయపడే గుర్రానికి మత్తు ఇవ్వాల్సి వస్తే అది పశువైద్యుడి పని. ఎవరో ఇచ్చిన మందు మీరు వేయకండి.

క్లిప్ చేసే రోజు

ముందు రోజు మధ్యాహ్నం ఎండలో గోరువెచ్చటి నీళ్ళతో, తేలిక షాంపూతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. మట్టి మీద నడిస్తే బ్లేడ్ పది నిమిషాల్లో మొండిదవుతుంది. కడిగాక వదిలేస్తే నేరుగా వెళ్ళి ఎర్రమట్టిలో పొర్లుతుంది కాబట్టి నూలు దుప్పటి కప్పి, శుభ్రమైన గడ్డి పరిచిన చోట ఉంచండి. ఒళ్ళు దువ్వేటప్పుడు పొక్కులు, పిడుదులు, పెచ్చులు ఉన్నాయేమో చూడండి. ఉంటే క్లిప్ వాయిదా.

ఉదయం పది గంటలకి, ఎండ వచ్చాక మొదలుపెట్టండి. వెలుతురు బాగా ఉండి గాలి తగలని చోటు కావాలి. పట్టుకునే మనిషి మీరున్న వైపే నిలబడాలి, తాడు వదులుగా చేతిలో ఉండాలి. గోడకి బిగించి కట్టకండి.

సుద్దముక్క తడిపి గీత గీయండి. గొంతు మొదలు నుంచి మెడ కింది మూడో వంతు మీదుగా భుజం ముందు ఎముక దాకా, అక్కడి నుంచి జీను పట్టీ చోటికి. దారంతో మూపు నుంచి గీతకి ఎంత దూరమో కొలిచి రెండో వైపు అంతే గీయండి. చూపుతో గీస్తే తప్పకుండా వంకర వస్తుంది. గీతకి అంగుళం కిందే ఆగండి, చివర్లో సరిచేసుకోవచ్చు.

మొదటి కోత భుజం కింద. క్లిప్పర్‌ని చర్మానికి పడుకోబెట్టినట్టు పట్టుకుని, వెంట్రుక వాలుకి ఎదురుగా, పొడుగ్గా, ఆగకుండా తోయండి. నొక్కకండి, మెషీన్ బరువే చాలు. రెండో వరస మొదటిదాని మీద కొంచెం ఎక్కాలి. సుడులు వచ్చినచోట వెంట్రుక అన్ని వైపులకీ తిరిగి ఉంటుంది కాబట్టి మీరూ క్లిప్పర్‌ని సుడి చుట్టూ తిప్పుతూ పోవాలి. గుర్రం కొనేటప్పుడు పెద్దవాళ్ళు సుడులు చూసి మంచిచెడ్డలు చెప్పేవారు. నాకు ఆ లెక్కలు రావు గానీ, ఛాతీ మీద సుడి దగ్గర చెయ్యి నిదానించాలని మాత్రం బాగా తెలుసు.

ప్రతి పది నిమిషాలకి ఆపి, బ్లేడ్‌ని మణికట్టు లోపలి వైపు ఆనించి చూడండి. మీకు చురుక్కుమంటే దానికీ అంతే. చల్లారనివ్వండి, వెంట్రుకలు దులపండి, రెండు చుక్కలు ఆయిల్ వేయండి. కోత కష్టమవుతోందని నొక్కడం కంటే బ్లేడ్ మార్చడం మేలు.

ముందుకాలు ఒంటితో కలిసేచోట చర్మం ముడతలుగా ఉంటుంది. తెగేది ఎక్కువగా ఇక్కడే. మీ తోడు మనిషిని కాలు మెల్లగా ముందుకి ఎత్తి పట్టుకోమనండి, మీరు ఎడమ చేత్తో చర్మం సాగదీసి, చిన్న చిన్న కోతలతో తీయండి. డొక్క దగ్గర, తొడకి పొట్ట కలిసే మడత కూడా అలాంటిదే. పొట్ట కింద చక్కిలిగింతలకి కాలు విసరొచ్చు, మీ తల ఎప్పుడూ దాని కాళ్ళ వరసలోకి రానివ్వకండి.

చర్మం తెగితే కంగారుపడకండి. శుభ్రమైన నీళ్ళతో కడిగి యాంటీసెప్టిక్ రాయండి. గుర్రాలకి ధనుర్వాతం చాలా తేలిగ్గా వస్తుంది కాబట్టి టీకా ఎప్పుడు వేయించారో ముందే చూసుకుని ఉండాలి. గడువు దాటితే పని మొదలుపెట్టకముందే వేయించండి. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల, నారాయణగూడ పశువైద్యశాల లాంటి చోట్ల అడగొచ్చు.

గంటన్నర దాటితే దానికి విసుగొస్తుంది. రెండో వైపు రేపటికి మిగిలినా ఫర్వాలేదు. బాదంకి మొదటిసారి బిబ్ క్లిప్ మూడు రోజులు పట్టింది. వచ్చిన పిల్లలు "అక్కా, సగం గుర్రం కొత్తగా ఉంది" అన్నారు. ఇప్పుడు నలభై నిమిషాల్లో అయిపోతుంది, తాడు పట్టుకోకపోయినా నిలబడుతుంది.

అయ్యాక వేడినీళ్ళలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తీసినచోటంతా తుడవండి. చుండ్రులాంటి పొట్టు, తెగిన వెంట్రుకలు వచ్చేస్తాయి. వెంటనే నూలు దుప్పటి కప్పండి. రంగు మారిందని భయపడొద్దు, గోధుమరంగు గుర్రాలు క్లిప్ చేసినచోట ఎలుక రంగులో కనిపిస్తాయి.

ఆ రాత్రి నుంచి

డిసెంబరు, జనవరిల్లో మన ఊళ్ళో రాత్రి చలి సాధారణంగా 14, 15 డిగ్రీల దగ్గర ఉంటుంది. మొయినాబాద్, పటాన్‌చెరు, రాజేంద్రనగర్ వైపు కొన్ని రాత్రులు పది కంటే కిందికి పోతుంది. అదే రోజు మధ్యాహ్నం 28, 30. ఈ తేడాయే జాగ్రత్తగా చూసుకోవాలి.

బిబ్ క్లిప్ అయితే షెడ్డులో గాలి తగలకుండా ఉంటే చాలా రాత్రులు ఏమీ కప్పక్కర్లేదు. పది, పన్నెండు డిగ్రీల రాత్రులకి, ట్రేస్ క్లిప్ చేసినదానికి కప్పాలి. కొన్న దుప్పటి లేకపోతే మన గొంగడి బాగా పనికొస్తుంది. కాస్త తడిసినా ఉన్నికి వెచ్చదనం పోదు. కానీ కొత్తగా క్లిప్ చేసిన చర్మానికి గరుకు గుచ్చుకుంటుంది కాబట్టి కింద నూలు దుప్పటి వేసి, పైన గొంగడి వేయండి. జారకుండా వెడల్పాటి పట్టీ కట్టండి, వెన్నెముక మీద ఒత్తిడి పడకుండా పట్టీ కింద మడతపెట్టిన గుడ్డ ఉంచండి. రాత్రి ఒకసారి దుప్పటి కింద భుజం వెనక చెయ్యి పెట్టి చూడండి. పొడిగా, వెచ్చగా ఉండాలి. తడిగా ఉంటే ఎక్కువ కప్పినట్టు. ఉదయం ఎనిమిది, తొమ్మిదికల్లా తీసేయండి. ఎండెక్కాక దుప్పటితో నిలబెడితే, దేనికోసం ఇదంతా చేశామో ఆ చెమటే మళ్ళీ పడుతుంది.

చలి గాలి ఎక్కువగా ఈశాన్యం, తూర్పు నుంచి వస్తుంది. ఆ వైపు గోనె పరదా కట్టండి, కానీ షెడ్డు మొత్తం మూసేయకండి. మూత్రం వాసన, దుమ్ము లోపలే ఉండిపోతే ఊపిరితిత్తులకి చెరుపు.

తిండి విషయంలో మా దగ్గర ప్రతి చలికాలం ఒకటే వాదన. ఉలవలు వేడి చేస్తాయి, ఇంకో డబ్బా వేద్దాం అంటారు. నేను ఒప్పుకోను. గుర్రం పేగుల్లో గడ్డి పీచు మెల్లగా పులుస్తూ రాత్రంతా వేడి పుట్టిస్తుంది. కాబట్టి చలి పెరిగితే రాత్రి ఎండుగడ్డి పెంచండి. గింజలు ఉన్నట్టుండి పెంచితే కడుపునొప్పి, గిట్టల వాపు వస్తాయి, పోనీలకి మరీను. తాగే నీళ్ళు ఐసులా ఉంటే తక్కువ తాగుతుంది, తెల్లవారుజామున ఒక బకెట్ గోరువెచ్చగా ఇవ్వండి.

మొదటి రెండు మూడు రోజులు అది మామూలుకంటే హుషారుగా, గాలి తగిలితే చాలు ఉలిక్కిపడేలా ఉంటుంది. పిల్లల్ని ఎక్కించేముందు మీరు తాడు పట్టుకుని పావుగంట తిప్పండి. సాయంత్రం స్వారీ అవగానే మళ్ళీ చెయ్యి పెట్టి తడి చూడండి. అప్పుడు రాసుకున్న కాగితం పక్కన పెట్టుకుని చూస్తే ఎంత తేడా వచ్చిందో తెలుస్తుంది. ఇంకా తడి మిగిలితే గీతని రెండు అంగుళాలు పైకి జరపడానికి డిసెంబరు మొదటి వారం దాకా సమయం ఉంది.

చివరికి క్లిప్పర్. బ్లేడ్లు విప్పి, బ్రష్‌తో దులిపి, ఆయిల్ పూసి, గుడ్డలో చుట్టి పొడి డబ్బాలో పెట్టండి. మొండిబారి ఉంటే డబ్బా మీద రాసి, పదును పెట్టించడానికి ఇప్పుడే పంపేయండి.